మూడు దశల పాఠంలో ఇమడని గోదావరి

బడి పుస్తకాల నుంచి పోటీ పరీక్షల గైడ్ల దాకా నది పాఠానికి ఒకటే బొమ్మ. పైన కొండ, అందులో ‘వి’ ఆకారపు లోయ, జలపాతం, గార్జ్ అనే నిటారు గోడల ఇరుకు లోయ. మధ్యలో నది మెలికలు తిరిగి, తెగిపోయిన ఓ మెలికను ఆక్స్‌బౌ సరస్సుగా వదిలేస్తుంది. కింద వరద మైదానం, డెల్టా, సముద్రం. మొదటిది యవ్వన దశ, రెండోది ప్రౌఢ దశ, మూడోది వృద్ధ దశ. ఒక మార్కు ప్రశ్నకు ఇంతకంటే వాటమైన బొమ్మ లేదు. తెలుగు పిల్లలు పుట్టినప్పటి నుంచి పేరు వింటున్న నది మీద పెట్టి చూస్తేనే చిక్కు. గోదావరికి పేరుమోసిన గార్జ్ ఉన్నది పుట్టిన కొండల్లో కాదు. నది తన దారి దాదాపు ముగించుకున్నాక, రాజమండ్రి వైపు నుంచి పొద్దున్నే పడవెక్కితే సాయంత్రానికి చూసి వచ్చేంత దగ్గరలో, పాపికొండల్లో ఉంది.

ఈ దశల ఆలోచన 19వ శతాబ్దం చివర్లో అమెరికా భూగోళ శాస్త్రవేత్త విలియం మోరిస్ డేవిస్ ప్రచారంలోకి తెచ్చినది. ఆయన మాట్లాడింది కాలం గురించి. ఒక ప్రాంతం పైకి లేచాక లక్షల, కోట్ల ఏళ్లలో నీరు దాన్ని ఎలా కోస్తూ, అరగదీస్తూ చదును చేస్తుందన్నది ఆయన చెప్పిన క్రమం. పాఠ్యపుస్తకాల్లోకి వచ్చేసరికి అది కాస్తా దూరానికి సంబంధించిన క్రమం అయిపోయింది: పుట్టినచోట యవ్వనం, కలిసేచోట వృద్ధాప్యం. గంగకు ఇది చాలావరకు అతుకుతుంది కాబట్టి ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. హిమాలయాల్లో లోతైన లోయలు, బయటికి రాగానే మైదానం, చివర సుందర్‌బన్స్. దక్కను నదులకు అదే కొలత పెట్టడంతోనే పాఠం తప్పుతుంది.

అంకెలు చూస్తే సంగతి తేలిపోతుంది. నాసిక్ జిల్లా త్య్రంబకం దగ్గర బ్రహ్మగిరి కొండల్లో గోదావరి పుట్టే చోటు సముద్రమట్టానికి 1,067 మీటర్ల ఎత్తున ఉంది. అక్కణ్ణుంచి ముప్పై కిలోమీటర్ల దూరంలోని నాసిక్ చేరేసరికి ఎత్తు 600 మీటర్లకు పడిపోతుంది. నది మొత్తం పొడవు 1,465 కిలోమీటర్లు. అంటే మిగిలిన పద్నాలుగు వందల కిలోమీటర్ల పైచిలుకు దారిలో దిగాల్సింది ఆ 600 మీటర్లే, కిలోమీటరుకు అర మీటరు కూడా పడదు. పుట్టినచోటి నుంచి అరేబియా సముద్రం 80 కిలోమీటర్ల దూరమే. అదే కొండల్లో పుట్టిన వైతరణ పడమరగా దిగి గబగబా ఆ సముద్రంలో కలిసిపోతుంది. గోదావరి తూర్పుకు తిరిగి దేశాన్ని అడ్డంగా దాటుతుంది. పడమటి కనుమలు పడమర వైపు గోడలా నిలబడి, తూర్పు వైపు బల్లపరుపు పీఠభూమిగా వాలిపోవడమే ఈ తేడాకు మూలం.

ఆ పీఠభూమి దాదాపు ఆరున్నర కోట్ల ఏళ్ల కిందట పొరలు పొరలుగా పారి గడ్డకట్టిన లావా. ఆ నల్లరాయి మీద పైఠణ్, నాందేడ్ మీదుగా గోదావరి వెడల్పాటి, లోతులేని లోయలో నింపాదిగా సాగుతుంది. చుట్టూ నల్లరేగడి చేలు. కనుమల శిఖరాల మీద కుండపోతగా కురిసే వాన తూర్పుకు కొన్ని పదుల కిలోమీటర్లు రాగానే బాగా తగ్గిపోతుంది. మరాఠ్వాడా అంతా వర్షచ్ఛాయలోనే ఉంది. పాఠం ప్రకారం ఉరకలు వేయాల్సిన వయసులో మన నది చూడటానికి ముసలిదానిలా ఉంటుంది. కందకుర్తి దగ్గర మంజీరను కలుపుకొని తెలంగాణలోకి వచ్చాక కూడా, బాసరలో ఎండాకాలం చూసినవాళ్లకు అది భద్రాచలంలో చూసే నదే అంటే నమ్మబుద్ధి కాదు.

కాళేశ్వరం దగ్గర కథ మారుతుంది. వార్ధా, పెన్‌గంగ, వైన్‌గంగ నీళ్లన్నీ మోసుకొచ్చే ప్రాణహిత అక్కడ ఎడమ వైపు నుంచి కలుస్తుంది. గోదావరి పరీవాహక ప్రాంతం సుమారు 3.12 లక్షల చదరపు కిలోమీటర్లయితే అందులో మూడో వంతుకు పైగా ప్రాణహితదే. దాని తర్వాత బస్తర్ అడవుల వాన మోసుకొచ్చే ఇంద్రావతి, ఇంకా కింద కూనవరం దగ్గర శబరి. వరద రోజుల్లో భద్రాచలంలో నీటిమట్టం గంటగంటకూ ఎందుకు ఎగబాకుతుందో చెప్పడానికి నాసిక్‌లో ఎంత వాన పడిందో అడిగి లాభం లేదు. ముఖ్యంగా ప్రాణహిత, ఇంద్రావతులనే అడగాలి. 1986 ఆగస్టులో భద్రాచలంలో మట్టం 75.6 అడుగులకు చేరింది. 2022 జులైలో 71.3 అడుగులు.

కాళేశ్వరం నుంచి నది ఆగ్నేయానికి దాదాపు గీత గీసినట్టు సాగడం కూడా యాదృచ్ఛికం కాదు. అక్కడ భూమి పొర కోట్ల ఏళ్ల కిందట రెండు పగుళ్ల మధ్య కుంగి పొడవాటి పల్లంగా మారింది. ఆ పల్లంలో చేరిన ఇసుక, మట్టి, చెట్టూచేమా పొరలే ఇప్పటి రామగుండం, భూపాలపల్లి, మణుగూరు, కొత్తగూడెం బొగ్గు గనులు. సింగరేణి పటాన్నీ గోదావరి పటాన్నీ ఒకదాని మీద ఒకటి పెట్టి చూస్తే రెండూ జతగా పోతాయి. హైదరాబాదు బిర్లా సైన్స్ మ్యూజియంలో పిల్లలు నోరెళ్లబెట్టి చూసే కోటసారస్ డైనోసార్ ఎముకలు దొరికింది కూడా పాత ఆదిలాబాద్ జిల్లాలోని ఈ పొరల్లోనే. మెత్తని రాయి, ముందే ఉన్న పల్లం, వాటిని అనుసరించిన నది. ఇక్కడ నది వయసుకు పనే లేదు.

కొండను చీల్చిన చోటు

ఆ తర్వాత అడ్డొచ్చేది తూర్పు కనుమలు. ఖోండలైట్, చార్నొకైట్ లాంటి గట్టి రాళ్లతో ఏర్పడిన, దేశంలోనే అతి పురాతనమైన కొండల్లో ఇవీ కొన్ని. భద్రాచలం దగ్గర విశాలంగా పరుచుకున్న నది ఈ కొండల మధ్యకు రాగానే కొన్ని వందల మీటర్లకు కుదించుకుపోతుంది. నీరు అంతే, దారి మాత్రం సన్నం. అందుకే అక్కడ లోతూ, వడీ రెండూ పెరుగుతాయి, వరదలో సుడులు తిరుగుతాయి. కొండలు దాటి పోలవరం దగ్గర బయటపడ్డాక మళ్లీ విచ్చుకుంటుంది. ధవళేశ్వరానికి వచ్చేసరికి లంకలతో పాయలుగా చీలిన నదికి అడ్డంగా సుమారు మూడున్నర కిలోమీటర్ల బ్యారేజీ కట్టాల్సి వచ్చింది.

నది కొండ చుట్టూ తిరిగి పోకుండా మధ్యలోంచి ఎందుకు పోయింది? పిల్లలు తప్పకుండా అడగాల్సిన ప్రశ్న ఇది. పాఠంలో దీనికి జాగా లేదు. శాస్త్రవేత్తలు ఇలాంటి చోట్ల మామూలుగా రెండు వివరణలు పరిశీలిస్తారు. ఒకటి, నది ముందు, కొండ తర్వాత. నేల మెల్లగా పైకి లేస్తుంటే నది అదే వేగంతో కోసుకుంటూ తన దారి నిలబెట్టుకుంటుంది. రెండోది, ఒకప్పుడు కొండలను కప్పేసిన మెత్తటి పొరల మీద నది దారి ఏర్పడి, ఆ పొరలు కొట్టుకుపోయాక అదే దారిలో కింది గట్టి రాతిలోకి దిగబడిపోతుంది. ఏది ఒప్పుకున్నా తేలేది ఒకటే, దారి చాలా పాతది.

ఆ పాతదనానికి ఒక సాక్ష్యం క్వారీల్లో ఉంది. రాజమండ్రికి అవతలి ఒడ్డున గౌరీపట్నం, దుద్దుకూరు చుట్టుపక్కల, ఇవతల కాతేరు వైపు నల్లరాయి దొరుకుతుంది. రోడ్లకు కంకర కొట్టేది దాన్నే. అది మహారాష్ట్ర పీఠభూమి రాయికి వయసులోనూ, రసాయన గుణంలోనూ చుట్టం. పడమటి కనుమల దగ్గర పొంగిన లావా ఆనాటి నదీలోయల వెంట సుమారు వెయ్యి కిలోమీటర్లు పారి తూర్పు తీరం దాకా వచ్చిందని చాలామంది భూగర్భ శాస్త్రవేత్తల అంచనా. అదే నిజమైతే ఆరున్నర కోట్ల ఏళ్ల నాటికే తూర్పుకు వాలిన లోయలు ఇక్కడ ఉన్నట్టు లెక్క. లారీల్లో కంకరగా పోతున్న రాయికి ఇంత పెద్ద కథ ఉండటం మామూలు విషయం కాదు.

ఇక నిజమైన ‘యవ్వనం’ గోదావరి చివరి అంకంలోనే వచ్చి కలుస్తుంది. మాచ్‌ఖండ్ నది ఆంధ్ర, ఒడిశా సరిహద్దులో డుడుమ దగ్గర 170 మీటర్లకు పైగా ఎత్తు నుంచి దూకుతుంది. కిందికి వచ్చి సీలేరు అవుతుంది. సీలేరు శబరిలో కలుస్తుంది, శబరి కూనవరంలో గోదావరిని చేరుతుంది. ఆ వాలు మీదనే మాచ్‌ఖండ్, ఎగువ సీలేరు, డొంకరాయి, దిగువ సీలేరు జల విద్యుత్ కేంద్రాలు వరసగా కట్టారు. ఇంద్రావతి మీది చిత్రకోట్ జలపాతం పెద్ద నది నడిమధ్యలో ఉంది. కడెం వాగు మీది కుంటాల సంగతీ అంతే. జలపాతం అంటే పుట్టినచోటి గుర్తు కాదు. గట్టి రాయి పక్కన మెత్తటి రాయి, లేదా పీఠభూమి అంచు ఎక్కడ తగిలితే అక్కడ నీరు దూకుతుంది.

కాబట్టి ఏ నదిని చూసినా అడగాల్సినవి వేరు. కింద ఏ రాయి ఉంది? వాలు ఎంత? నీరు ఏ నెలల్లో, ఎటు నుంచి వస్తుంది? ఎంత ఇసుక, ఎంత ఒండ్రు మోస్తోంది? ఈ నాలుగింటికీ జవాబు తెలిస్తే ఆకారం దానంతటదే అర్థమవుతుంది. పెన్నను తీసుకున్నా, గండికోట దగ్గర ఎర్రమల కొండల్ని అది చీల్చిన తీరు ఈ ప్రశ్నలతోనే తేలుతుంది, దశల పట్టికతో కాదు.

ఏరు ఎత్తున, పొలం పల్లాన

డెల్టా గురించి పుస్తకాల్లో ఉండేది ఒక వాక్యం: నది వేగం తగ్గి, మోసుకొచ్చిన ఒండ్రును సముద్రం దగ్గర నిక్షేపించగా ఏర్పడే త్రిభుజాకార మైదానం. తప్పు లేదు కానీ అసలు విషయం ఇందులో లేదు. వరదలో నది గట్టు పొర్లినప్పుడు నీరు ఒక్కసారిగా నెమ్మదిస్తుంది. బరువైన ఇసుక, రేణువులు గట్టు పక్కనే పడిపోతాయి. సన్నని బురద మాత్రమే దూరం పోతుంది. ఇలా వందల వరదలు వచ్చాక నది తన గట్లను తానే ఎత్తు చేసుకుంటుంది. అడుగూ పెరుగుతుంది. చివరికి డెల్టాలో ఏరు ఎత్తున, పొలం పల్లాన ఉంటాయి. కొండ ప్రాంతంలో నీరు పొలం నుంచి నదిలోకి పోతే, కోనసీమలో నది నుంచి పొలంలోకి పోతుంది.

డెల్టా జీవితమంతా ఈ ఒక్క సంగతి చుట్టూ తిరుగుతుంది. 1847లో మొదలుపెట్టి 1852 నాటికి ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిందన్నది అందరికీ తెలుసు. ఆ నీరు పంపులు లేకుండానే లక్షల ఎకరాలకు ఎలా పారిందన్నది తక్కువమందికి తెలుసు. కాలువల్ని నదీ పాయల పక్కనున్న ఎత్తయిన మెరకల మీదుగా తవ్వారు. అక్కణ్ణుంచి రెండు వైపులా నీరు వాలులో దిగుతుంది. అదే వాలు వానాకాలంలో శాపం. దిగిన నీరు నదిలోకి వెనక్కి పోలేదు కనక మురుగు కాలువలు వేరే కావాలి. అవి పూడితే చేలు మునుగుతాయి. ఏటిగట్టు తెగితే నీరు పాయ పక్కన కాక దూరంగా ఉన్న పల్లాల్లో నిలుస్తుంది. కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య పల్లమే కొల్లేరు. రెండు నదులూ రెండు పక్కల నుంచి సముద్రంలోకి నేలను పెంచుకుంటూ పోతే నడుమ చిక్కిపోయిన లోతట్టు అది. బుడమేరు, తమ్మిలేరు లాంటి వాగుల నీరు చేరితే పోవడానికి సుమారు 60 కిలోమీటర్ల ఉప్పుటేరు ఒక్కటే దారి.

డెల్టా ఎంత కొత్త నేలో తెలియాలంటే ఊళ్ల పటం చూడాలి. సముద్రమట్టం దాదాపు ఇప్పటి స్థాయికి వచ్చి ఆరేడు వేల ఏళ్లయింది. మనం చూసే డెల్టాలో చాలా భాగం ఆ తర్వాత పేరుకున్నదే. ఒక్కో కాలంలో అలలు పోగుచేసిన ఇసుక మెరకలు తీరానికి సమాంతరంగా, ఇప్పటి సముద్రానికి ఎంతో లోపల వరసలుగా కనిపిస్తాయి. ఒక్కో మెరక ఒక పాత తీరరేఖ. ఊళ్లు, కొబ్బరి తోటలు, రోడ్లు వాటి మీద ఉంటే, మెరకల మధ్య పల్లాల్లో వరి ఉంటుంది. ఉపగ్రహ చిత్రంలో ఈ చారలు చక్కగా కనిపిస్తాయి. తరగతి గదిలో డెల్టా పాఠానికి త్రిభుజం బొమ్మకన్నా ఈ చిత్రం చాలా మేలు.

తీరం నది కొనసాగింపే

నది పాఠం ఒక అధ్యాయం, తీరం పాఠం ఇంకో అధ్యాయం. ఆ విభజన పుస్తకంలోనే ఉంది, నేల మీద లేదు. ధవళేశ్వరం దిగువన గౌతమి, వశిష్ఠ, వైనతేయ పాయలు మోసుకొచ్చే ఇసుక మొగల దగ్గర, అంటే పాయలు సముద్రంలో కలిసే చోట, ఆగిపోదు. నైరుతి రుతుపవనాల కాలంలో అలలు తీరానికి ఏటవాలుగా వచ్చి తగులుతాయి. ఒడ్డుకు ఎగదోసిన ఇసుకను వెనక్కి లాగేటప్పుడు కాస్త ఉత్తరానికి జరుపుతాయి. ఈశాన్య గాలుల కాలంలో కొంత దక్షిణానికి మళ్లుతుంది కానీ, ఏడాది మొత్తం మీద ఉత్తరానిదే పైచేయి. ఆంధ్ర తీరమంతా ఈ ఇసుక ప్రవాహం మీద ఆధారపడి ఉంది. కంటికి కనిపించకుండా తీరం వెంట పారే నది అనుకోవచ్చు.

దాని పనితనం కాకినాడ దగ్గర కళ్లకు కడుతుంది. గౌతమి మొగ నుంచి ఉత్తరానికి పెరిగిన సన్నని ఇసుక నాలుక హోప్ ఐలాండ్. పొడవు 16 కిలోమీటర్ల పైమాటే. ఎక్కువ భాగం గత రెండు శతాబ్దాల్లో తయారైంది. దాని చాటునే కాకినాడ రేవు ప్రశాంతంగా ఉంది, కోరంగి మడ అడవుల పక్కన బురద నేలలు పెరిగాయి. ఒకప్పుడు ఓడలు కట్టిన కోరంగి రేవు తుపాన్ల దెబ్బకు తోడు పూడికతో పనికిరాకుండా పోయింది. ఒకే ఇసుక ఒక రేవును కాపాడింది, ఇంకోదాన్ని మింగింది. నాలుక చివర దాటాక ఉప్పాడ వస్తుంది. అక్కడ ఇళ్లు, బీచ్ రోడ్డు మళ్లీ మళ్లీ కోతకు గురవుతున్నాయి. ఆ నాలుక పెరిగేకొద్దీ అలల దిశ, బలం మారడం, దక్షిణం నుంచి రావాల్సిన ఇసుక అందకపోవడం అందుకు చెప్పే కారణాల్లో ముఖ్యమైనవి. రాళ్లు పోసి, జియో ట్యూబులు (ఇసుక నింపిన భారీ గొట్టపు సంచులు) వేసి అడ్డుకట్ట కడితే ఆ ముక్క వరకు కొన్నాళ్లు నిలుస్తుంది, కోత పక్కకు జరుగుతుంది.

మనిషి కట్టిన గోడ కూడా ఇదే పని చేస్తుంది. 19వ శతాబ్దం చివర్లో మద్రాసు రేవు గోడలు కట్టాక దక్షిణాన ఇసుక పేరుకుని మెరీనా వెడల్పయింది, ఉత్తరాన రాయపురం వైపు కోత మొదలైంది. విశాఖలో 1933లో రేవు ప్రారంభానికి ముందు రెండు పాత ఓడల్ని ముంచి అలలకు అడ్డంగా వేశారు. రేవు దగ్గర ఆగిన ఇసుకను డ్రెడ్జర్లతో తోడి ఉత్తరాన ఆర్కే బీచ్‌లో పోయడం ఇప్పటికీ సాగుతోంది. విశాఖ తీరం మామూలుగా చూస్తే వేరే రకం. కనుమలు నేరుగా సముద్రంలోకి దిగిన చోటు కనక యారాడ, రుషికొండ లాంటి రాతి కొమ్ములు, మధ్య మధ్య చిన్న ఇసుక తీరాలు. అయినా ఇసుక లెక్క దానికీ తప్పలేదు.

తీరం పొడవు గురించి ఒక మాట. ఆంధ్ర తీరం 974 కిలోమీటర్లని తరాలుగా బట్టీ పట్టించారు. ఈ మధ్య కేంద్రం తీరాన్ని మరింత సూక్ష్మంగా కొలిపించాక అది 1,053 కిలోమీటర్లయింది, దేశ తీరం 7,516 నుంచి 11,098 కిలోమీటర్లకు పెరిగింది. కొత్త నేలేమీ రాలేదు. ఏరుల మొగలూ, వంకరలూ ఎంత దగ్గరగా కొలిస్తే తీరం అంత పొడవవుతుంది. పరీక్షలో ఏ అంకె రాయాలన్నది వేరే తలనొప్పి.

ఇప్పుడు ఆ ఇసుక రాబడి తగ్గుతోంది. 1970లలో గోదావరి ఏటా 15 కోట్ల టన్నుల దాకా ఒండ్రు దిగువకు తెచ్చేది. 2000 తర్వాతి తొలి ఏళ్లలో అది ఆరు కోట్ల టన్నుల లోపుకు పడింది. కృష్ణలో తగ్గుదల దీనికంటే తీవ్రం. మిగిలింది ఎక్కడ ఆగిందో జలాశయాల లెక్కలే చెబుతాయి. శ్రీరామసాగర్ మొదట 112 టీఎంసీల జలాశయం, ఇప్పుడు పట్టేది 80 టీఎంసీలు. తుంగభద్ర 133 నుంచి సుమారు 105కు వచ్చింది. పూడిక అని ఇంజినీర్లు తీసిపారేసే ఆ మట్టి డెల్టాకు, తీరానికి చేరాల్సిన సరుకు. డెల్టా నేల తన బరువుకు తానే మెల్లగా కుంగుతూ ఉంటుంది. ఏటా కొత్త ఒండ్రు పడితేనే ఆ కుంగుబాటు పూడుతుంది. పైన ఆనకట్టలు, పక్కన ఏటిగట్లు ఉన్నాక వరద ఒండ్రు పొలాల మీద పరుచుకునే వీలు ఎలాగూ లేదు, మొగల దాకా చేరేదీ తగ్గింది. సముద్రమట్టం పెరుగుదల దీని మీద అదనం. కోతకు సముద్రాన్ని ఒక్కదాన్నే తిట్టడంలో న్యాయం లేదు.

ఇకమీదట చూడాల్సింది పోలవరం. ధవళేశ్వరానికి సుమారు నలభై కిలోమీటర్ల ఎగువన, నది కొండల్లోంచి బయటపడే చోటే ఆ ఆనకట్ట ఉంది. ప్రాణహిత, ఇంద్రావతి, శబరి మూడూ దానికి పైనే కలుస్తాయి, దిగువన చెప్పుకోదగ్గ పెద్ద ఉపనది లేదు. పూర్తి మట్టం 45.72 మీటర్లకు నీరు నిలిపితే పాపికొండల గార్జ్ మొత్తం జలాశయం అవుతుంది. నిలిచిన నీటిలోకి వచ్చిన నది ముందుగా ముతక ఇసుకను, అదీ జలాశయం మొదట్లోనే, కూనవరం పరిసరాల నుంచే వదిలేయడం మొదలుపెడుతుంది. సన్నని బురదలో కొంత వరద రోజుల్లో గేట్లలోంచి దాటి ధవళేశ్వరం చేరుతుంది. హోప్ ఐలాండ్‌నూ, కోనసీమ మెరకలనూ కట్టింది మాత్రం బురద కాదు, ఇసుక.